రహదారి అంచు ఎవరిది? సైకిలు బాట, వాహనాల పార్కింగ్: కర్నూలు, కడప వీధుల ముందున్న ప్రశ్న

(ప్రత్యేక వ్యాసం)

కర్నూలు నగరంలో కొండారెడ్డి బురుజు పరిసరాల్లోను, కడపలో ఏడు రోడ్ల కూడలి నుండి వై.వి. వీధి వరకు గల వ్యాపార ప్రాంతంలోను దుకాణాలు తెరిచే వేళకు రహదారి అంచు నిండిపోతుంది. దుకాణదారుల మోటారు సైకిళ్లు, కొనుగోలుదారుల వాహనాలు, ప్రయాణికుల కొరకు వేచి ఉండే ఆటోలు, సరుకు దించే వాహనాలు, తోపుడు బండ్లు అన్నీ ఆ అంచుననే చోటు చేసుకుంటాయి. అదే వేళకు పాఠశాలకు, కళాశాలకు, పనికి సైకిలుపై వెళ్లేవారు అంచు వదలి రహదారి మధ్యకు జరగవలసి వస్తుంది. వెనుక నుండి వచ్చే బస్సులు, లారీల మధ్య వారి ప్రయాణం సాగుతుంది.

ఇటువంటి వీధుల్లో సైకిళ్లకు ప్రత్యేక బాట కేటాయించాలా, లేక వాహనాల నిలుపుదలకు ఉన్న చోటును అలాగే కొనసాగించాలా అన్న చర్చ దేశంలోని అనేక నగరాల్లో జరిగింది, జరుగుతున్నది. ఈ చర్చలో ఇరుపక్షాల వాదనలోను న్యాయం ఉన్నది. నిర్ణయం ఏదైనప్పటికీ అది వీధి కొలతలు, వాస్తవ రద్దీ, చట్ట నిబంధనల ఆధారంగా, ఒక క్రమ పద్ధతిలో జరిగితేనే నిలుస్తుంది. ఆ అంశాలను ఈ వ్యాసం వివరిస్తున్నది.

రెండు నగరాల వీధుల స్వరూపం

తుంగభద్ర, హంద్రీ నదుల సంగమ స్థానంలో వెలసిన కర్నూలు నగరానికి విస్తరణలో సహజమైన పరిమితులు ఉన్నాయి. నదులు, కర్నూలు-కడప కాలువ నగర భాగాలను వేరు చేస్తున్నందున రాకపోకలు కొన్ని వంతెనలు, కొన్ని ప్రధాన వీధుల మీదనే కేంద్రీకృతమవుతాయి. పాత పట్టణంలోని వీధులు నడిచి వెళ్లేవారి కొరకు, ఎడ్ల బండ్ల కొరకు ఏర్పడినవి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఉద్యోగుల వసతికి ఏర్పడిన ఏ, బి, సి క్యాంపుల ప్రాంతం ఇందుకు భిన్నమైనది. ఒకే నగరంలో ఇరుకు సందులు, విశాలమైన రోడ్లు పక్కపక్కనే ఉన్నందున ఒకే నియమాన్ని అన్ని వీధులకు వర్తింపజేయడం సాధ్యం కాదు.

కడప నగరం గుండా బుగ్గవంక ప్రవహిస్తున్నది. ఏడు రోడ్ల కూడలి, కోటిరెడ్డి సర్కిల్, అప్సర సర్కిల్ వంటి కూడళ్ల వద్ద అనేక దిక్కుల నుండి వచ్చే వాహనాలు కలుస్తాయి. పండుగల వేళ, పెద్ద దర్గా ఉరుసు రోజుల్లో ఈ రద్దీ మరింత పెరుగుతుంది. రెండు నగరాలూ జిల్లా కేంద్రాలు కావడం వలన ఆసుపత్రులకు, న్యాయస్థానాలకు, కార్యాలయాలకు, ఎరువులు, విత్తనాల కొనుగోలుకు పరిసర గ్రామాల నుండి ప్రతిరోజూ వేల మంది వస్తారు. వారి వాహనాలు కూడా నగర వీధుల్లోనే నిలుస్తాయి.

ఎవరి అవసరం ఏమిటి?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో 41.9 శాతం మందికి సైకిలు ఉన్నది. స్కూటరు లేదా మోటారు సైకిలు 35.2 శాతం కుటుంబాలకు, కారు 9.7 శాతం కుటుంబాలకు ఉన్నది. ఆ తరువాతి సంవత్సరాల్లో మోటారు వాహనాల సంఖ్య బాగా పెరిగింది. అయినప్పటికీ విద్యార్థులు, భవన నిర్మాణ కార్మికులు, పాలు, వార్తాపత్రికలు అందించేవారు, రాత్రి కాపలాదారులు నేటికీ సైకిలును ఉపయోగిస్తున్నారు. వీరిలో చాలామందికి ఇది వ్యాయామ సాధనం కాదు, జీవనాధారం. పెట్రోలు ఖర్చు లేకుండా పనికి చేరగల ఏకైక వాహనం.

బాలికల చదువుకు సైకిలుకు గల సంబంధం కూడా నిరూపితమైనది. 2006లో బీహారు ప్రభుత్వం ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లు అందించే పథకాన్ని ప్రారంభించింది. దీనిపై జరిగిన అధ్యయనంలో, పథకం వలన ఉన్నత పాఠశాలల్లో బాలికల చేరిక 32 శాతం పెరిగినట్లు, బాలబాలికల మధ్య వ్యత్యాసం 40 శాతం తగ్గినట్లు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ల పంపిణీ జరిగింది. సైకిలు ఇచ్చినంత మాత్రాన సరిపోదు. అది సురక్షితంగా నడిచే దారి కూడా ఉండాలి. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించగా, వారిలో 32 వేల మందికి పైగా పాదచారులు, 4,800 మందికి పైగా సైకిలు ప్రయాణికులు.

మరోవైపు వ్యాపారుల ఆందోళన కూడా నిరాధారమైనది కాదు. బట్టల దుకాణానికి, మందుల దుకాణానికి, కిరాణా అంగడికి వచ్చే కొనుగోలుదారులు ఎక్కువగా ద్విచక్ర వాహనాలపై వస్తారు. ఎదుట వాహనం నిలుపుకొనే వీలు లేకపోతే వారు వేరొక వీధికి తరలిపోతారన్నది చిన్న వ్యాపారి భయం. సరుకు దించుకొనేందుకు కూడా దుకాణం ముందు కొంత చోటు కావాలి. పాత వీధుల్లోని ఇళ్లకు వాహనం ఉంచుకొనే ఆవరణ లేనందున ఆ నివాసులకు రాత్రి వేళ వీధియే ఆధారం.

మూడవ పక్షం వీధి విక్రయదారులది. 2014లో వచ్చిన వీధి విక్రయదారుల చట్టం వారి జీవనోపాధికి రక్షణ కల్పించింది. పట్టణ విక్రయ కమిటీలలో కనీసం 40 శాతం సభ్యులు విక్రయదారుల ప్రతినిధులై ఉండాలని, వారిలో మూడింట ఒక వంతు మహిళలు ఉండాలని ఆ చట్టం నిర్దేశించింది. సైకిలు బాట పేరుతోనైనా, పార్కింగ్ పేరుతోనైనా పండ్ల బండిని, పూల బుట్టను విచారణ లేకుండా తొలగించడానికి ఈ చట్టం అంగీకరించదు.

పన్నెండు మీటర్ల వీధి లెక్క

వివాదం ఎందుకు తలెత్తుతుందో ఒక చిన్న లెక్క ద్వారా గ్రహించవచ్చు. రెండు వైపుల భవనాల మధ్య 12 మీటర్ల వెడల్పు గల వీధిని ఉదాహరణగా తీసుకుందాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం నడక దారికి అడ్డంకులు లేని 1.8 మీటర్ల వెడల్పు అవసరం. రెండు వైపులా కలిపి 3.6 మీటర్లు. ఎదురెదురుగా వెళ్లే మోటారు వాహనాలకు 3 మీటర్ల చొప్పున 6 మీటర్లు తీసివేస్తే మిగిలేది 2.4 మీటర్లు మాత్రమే.

ఈ 2.4 మీటర్లలో ఒకవైపు వాహనాలను వరుసగా నిలపవచ్చు. లేదా 2 మీటర్ల సైకిలు బాట వేయవచ్చు. రెండూ ఒకేచోట ఇమడవు. ఇటువంటి వీధిలో రెండు కోరికలనూ తీర్చాలని ప్రయత్నిస్తే నష్టపోయేది సాధారణంగా నడక దారి. పాదచారి కూడా రోడ్డు మీదికి దిగవలసి వస్తుంది.

వీధి వెడల్పు 18 మీటర్లు ఉన్నచోట లెక్క మారుతుంది. నడక దారులకు 3.6 మీటర్లు, మోటారు వాహనాల రెండు వరుసలకు 7 మీటర్లు, రెండు వైపులా 2 మీటర్ల చొప్పున సైకిలు బాటలకు 4 మీటర్లు, ఒకవైపు పార్కింగ్‌కు 2.4 మీటర్లు కేటాయించిన తరువాత కూడా చెట్ల కొరకు ఒక మీటరు మిగులుతుంది. అంతేకాక నిలిపిన వాహనాల వరుసను రోడ్డుకు, సైకిలు బాటకు మధ్య ఏర్పాటు చేస్తే ఆ వరుసయే సైకిలు ప్రయాణికునికి అడ్డుగోడగా పనిచేస్తుంది. కారు తలుపు తెరుచుకొనేందుకు తగిన ఎడం మాత్రం విడిచిపెట్టాలి. కనుక ‘సైకిలు బాటా, పార్కింగా’ అన్న ప్రశ్నకు సమాధానం నగరమంతటికీ ఒకటి కాదు. వీధి వీధికీ వేరు.

స్థలాన్ని ఎవరు ఎంతసేపు వాడుతున్నారన్నది కూడా గమనించాలి. ఒక కారు నిలిచే 5 మీటర్ల పొడవులో ఐదారు మోటారు సైకిళ్లు, లేదా పది సైకిళ్లు నిలపవచ్చు. దుకాణం యజమాని వాహనం ఉదయం 10 గంటల నుండి రాత్రి 8 గంటల వరకు కదలకపోతే ఆ స్థలం రోజంతా ఒక్కరికే ఉపయోగపడుతుంది. గంట పరిమితి విధిస్తే అదే స్థలంలో పదిమంది కొనుగోలుదారులు వాహనం నిలుపుకోగలుగుతారు. చోటు చాలడం లేదనిపించే అనేక బజార్లలో కొంత కొరత ఈ దీర్ఘకాల నిలుపుదల వలననే ఏర్పడుతుంది.

చట్టం, విధానం

2006లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన జాతీయ పట్టణ రవాణా విధానం, రహదారి స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు ప్రాధాన్యమిస్తూ పంచాలని పేర్కొన్నది. నడకకు, సైకిలుకు ప్రత్యేక సదుపాయాలు కల్పించాలని సూచించింది.

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 117వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం లేదా అధికారం పొందిన సంస్థ, స్థానిక సంస్థను సంప్రదించి, వాహనాలు నిలపదగిన చోట్లను నిర్ణయించవచ్చు. నిర్ణీత కాల పరిమితితో అనుమతించే వీలు కూడా ఇదే సెక్షనులో ఉన్నది. 127వ సెక్షను నిషిద్ధ ప్రదేశాల్లో వదలివేసిన వాహనాల తొలగింపునకు సంబంధించినది. సైకిలు బాటగా కేటాయించిన చోట మోటారు వాహనం నడపరాదన్న నియమం 1989 నాటి రోడ్డు నిబంధనల నుండే ఉన్నది. 2019 సవరణ ద్వారా చేరిన 138(1ఎ) సెక్షను, పాదచారులు, మోటారు లేని వాహనాల రాకపోకల నియంత్రణకు నియమాలు రూపొందించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ నియమాలను ఆరు నెలల్లోగా రూపొందించాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో రాష్ట్రాలను ఆదేశించింది.

భవన నిర్మాణ నిబంధనలకు కూడా ఈ విషయంలో ముఖ్యమైన పాత్ర ఉన్నది. రాష్ట్రంలో 2012లో, తిరిగి 2017లో వెలువడిన భవన నిబంధనలు వ్యాపార సముదాయాలు తమ ఆవరణలోనే పార్కింగ్ కల్పించాలని నిర్దేశించాయి. పార్కింగ్ కొరకు అనుమతి పొందిన సెల్లారును గోదాముగానో దుకాణంగానో మార్చినచోట ఆ భవనానికి వచ్చే వాహనాల భారమంతా వీధిపై పడుతుంది. వీధిలో పార్కింగ్ కొరతపై చర్చ మొదలుపెట్టే ముందు ఆ వీధిలోని సెల్లార్లను పరిశీలించడం న్యాయం.

సైకిలు బాట ఎక్కడ అవసరం?

ప్రతి వీధికీ సైకిలు బాట అవసరం లేదు. వాహనాలు నెమ్మదిగా వెళ్లే నివాస వీధుల్లో సైకిళ్లు ఇతర వాహనాలతో కలిసి సాగవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే ఇందుకు కొలబద్దను సూచించింది. గంటకు 100 నుండి 200 మోటారు వాహనాలు తిరిగే మార్గంలో రద్దీ గంటకు 400 సైకిళ్లు వెళుతుంటే ప్రత్యేక బాట వేయవచ్చు. మోటారు వాహనాలు గంటకు 200 దాటినచోట సైకిళ్లు 100 ఉన్నా బాట సమంజసమే. అనగా మోటారు వాహనాల రద్దీ పెరిగిన కొద్దీ, తక్కువ మంది సైకిలు ప్రయాణికులకైనా ప్రత్యేక రక్షణ అవసరమవుతుంది. ఈ మార్గదర్శకాలను 2015లో సవరించారు.

ఇందులో ఒక మెలిక ఉన్నది. ప్రమాద భయంతో సైకిలు వదలివేసినవారు లెక్కింపులో కనిపించరు. కనుక రోడ్డు మీది సైకిళ్లతో పాటు పాఠశాలలు, కళాశాలలు, వసతి గృహాలు, మార్కెట్ యార్డుల వద్ద నిలిపిన సైకిళ్లను కూడా లెక్కించడం మేలు.

ఇతర నగరాల అనుభవం

హైదరాబాదు బాహ్య వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల పొడవున, సౌర ఫలకాల పైకప్పుతో నిర్మించిన సైకిలు బాట 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. ఎండ తగలకుండా సైకిలు తొక్కే వీలు, దానితో పాటు విద్యుదుత్పత్తి ఇందులోని ప్రత్యేకత. అయితే అది బజారు వీధులకు దూరంగా, ఖాళీ స్థలంలో వేసిన బాట. అక్కడ పార్కింగ్‌తో పోటీ లేదు. కర్నూలు, కడపల్లో కాలువ గట్టు మీదనో వంక ఒడ్డునో అటువంటి బాట వేసినా అది విహారానికి ఉపకరిస్తుంది. బడికి, పనికి వెళ్లేవారి దారి మాత్రం బజారు వీధి గుండానే సాగుతుంది.

ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు బస్సులకు ప్రత్యేక వరుసలతో పాటు సైకిలు బాట కూడా ఏర్పాటయింది. తగిన కాపలా లేనందున మోటారు సైకిళ్లు అందులోకి చొరబడ్డాయి. వాహనదారుల వ్యతిరేకత నడుమ ఆ మార్గాన్ని 2016లో తొలగించారు. రంగు గీత ఒక్కటే బాటను కాపాడలేదన్నది ఈ అనుభవ సారం. చెన్నైలోని పాండీ బజారులో రోడ్డు పక్క పార్కింగ్ స్థలాన్ని తగ్గించి విశాలమైన నడక దారులు నిర్మించి 2019 నవంబరులో ప్రారంభించారు. అంతకు ముందు వాహనాలను ఆపి ప్రయోగాత్మకంగా పరిశీలించిన తరువాతనే శాశ్వత పనులు చేపట్టారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఉదయం వేళ వాహనాలను ఆపి నడకకు, సైక్లింగ్‌కు వదలడం మరొక పద్ధతి. ఒకే రోడ్డును వేళను బట్టి పంచుకోవచ్చునని అది తెలుపుతున్నది.

విదేశాల్లోనూ ఈ మార్పు సులభంగా రాలేదు. కొలంబియా రాజధాని బొగోటాలో 1998-2000 మధ్య మేయరుగా ఉన్న ఎన్రికే పెన్యాలోసా నడక దారులపై కార్ల నిలుపుదలను తొలగించి, రెండు వందల కిలోమీటర్లకు పైగా సైకిలు బాటలు వేయించారు. వ్యాపారుల నుండి తీవ్ర నిరసన వచ్చింది. ఆయనను పదవి నుండి తొలగించాలన్న ప్రయత్నం కూడా జరిగింది. తరువాతి కాలంలో ఆ బాటలు నగర జీవనంలో భాగమైపోయాయి.

ఎండ, నీడ

రాయలసీమలో ఈ చర్చకు మరొక కోణం ఉన్నది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో నీడ లేని సైకిలు బాట మధ్యాహ్న వేళ నిరుపయోగమవుతుంది. వీధి పక్కనున్న వేప, కానుగ చెట్ల కింద వాహనాలు, బండ్లు చేరడానికి కారణం కూడా ఈ ఎండే. రహదారి విస్తరణలో మొదట కోల్పోయేది ఆ చెట్లనే. అందువలన చెట్టును అడ్డంకిగా కాక బాటకు పైకప్పుగా భావించి ప్రణాళిక వేయాలి. చెట్ల వరుసను పార్కింగ్‌కు, సైకిలు బాటకు మధ్య పెంచితే రెండింటికీ నీడ లభిస్తుంది. రెండింటినీ వేరు చేసే హద్దు కూడా ఏర్పడుతుంది.

అమలుకు క్రమం

ప్రత్యామ్నాయం చూపకుండా పార్కింగ్ తొలగిస్తే వాహనాలు పక్క సందుల్లోకి చేరి అక్కడి నివాసులకు ఇబ్బంది కలిగిస్తాయి. పర్యవేక్షణ లేకుండా సైకిలు బాట వేస్తే కొద్ది కాలంలో అదే పార్కింగ్ స్థలమవుతుంది. ఈ రెండు పొరపాట్లనూ నివారించేందుకు పనులను ఒక వరుసలో చేపట్టడం అవసరం.

మొదట, ఎంపిక చేసిన వీధిలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో పాదచారులను, సైకిళ్లను, మోటారు వాహనాలను, నిలిపిన వాహనాలను, అవి నిలిచిన సమయాన్ని లెక్కించాలి.

రెండవది, భవనాల సెల్లార్లను పార్కింగ్‌కు తిరిగి అందుబాటులోకి తేవాలి. దుకాణ యజమానులు, సిబ్బంది వాహనాలకు కొద్ది దూరంలో ఉమ్మడి స్థలం చూపాలి.

మూడవది, దుకాణాల ముందు కొనుగోలుదారులకు కాల పరిమితితో కూడిన పార్కింగ్, సరుకు దింపుకొనేందుకు తెల్లవారుజామున లేదా రాత్రి నిర్ణీత వేళలు, ఆటోలకు గుర్తించిన నిలుపు స్థలాలు ఏర్పాటు చేయాలి. వికలాంగులు, రోగుల వాహనాలకు ఆసుపత్రుల వద్ద మినహాయింపు ఉండాలి.

నాల్గవది, పాఠశాలల దారిలో ఉదయం, సాయంత్రం బడి వేళల్లో మాత్రమే రోడ్డు అంచును సైకిళ్లకు కేటాయించి, తాత్కాలిక దిమ్మెలతో కొన్ని వారాలు ప్రయోగాత్మకంగా పరిశీలించాలి. ఆ కాలంలో దుకాణాల అమ్మకాలు ఎలా ఉన్నాయో వ్యాపారులను, దారి ఎలా ఉన్నదో విద్యార్థులను అడిగి నమోదు చేయాలి.

చివరిగా, ఆ ఫలితాల ఆధారంగానే శాశ్వత నిర్మాణం చేపట్టాలి. ఇరుకు వీధిలో పార్కింగే తగినదని తేలితే సైకిళ్లకు సమీపంలోని సమాంతర వీధిని సిద్ధం చేయాలి. బాటయే అవసరమని తేలితే దానిని గీతతో సరిపెట్టకుండా దిమ్మెలతో, చెట్లతో వేరు చేయాలి.

ప్రజల పాత్ర

రాజ్యాంగ 74వ సవరణ 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాల్లో వార్డు కమిటీల ఏర్పాటును నిర్దేశించింది. 2011 లెక్కల ప్రకారం కర్నూలు, కడప రెండూ ఈ పరిధిలోకి వస్తాయి. వీధి స్థలంపై నిర్ణయాలకు ఈ కమిటీలు తగిన వేదికలు. పట్టణ విక్రయ కమిటీ, జిల్లా రహదారి భద్రతా కమిటీ, ట్రాఫిక్ పోలీసు విభాగం, నగరపాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగం కలిసి కూర్చున్నప్పుడే ఒకరి నిర్ణయం మరొకరికి అడ్డంకి కాకుండా ఉంటుంది.

ఇటువంటి సమావేశాలకు వ్యాపార సంఘాలు వస్తాయి, వాహన యజమానులు వస్తారు. తెల్లవారుజామున సైకిలుపై పాలు అందించి వచ్చే వ్యక్తి, కూలి పనికి వెళ్లే కార్మికుడు, తొమ్మిదో తరగతి విద్యార్థిని ఆ సమావేశాలకు రావడం అరుదు. పనివేళలు, బడివేళలు వారిని రానివ్వవు. కనుక వారి అభిప్రాయాన్ని పాఠశాలల్లో, పని కూడళ్లలో, సాయంత్రం వేళ అడిగి తెలుసుకోవలసిన బాధ్యత నిర్వాహకులపై ఉన్నది. అదే విధంగా రోజువారీ అమ్మకంపై ఆధారపడిన చిన్న దుకాణదారు నష్టభయాన్ని తేలికగా తీసివేయరాదు.

రహదారి అంచు ప్రజల ఉమ్మడి ఆస్తి. అక్కడ వాహనం నిలపడం హక్కుగా కాక, స్థలం ఉన్నంతవరకు లభించే సదుపాయంగా భావించాలి. ప్రాణభయం లేకుండా దారిన వెళ్లడం మాత్రం ప్రతి పౌరునికీ కావలసిన కనీస భద్రత. ఈ రెండింటి మధ్య గల తేడాను గుర్తించి, కొలతలు ముందుంచుకొని చర్చిస్తే వ్యాపారానికి భంగం కలగకుండానే సైకిలు ప్రయాణికునికి దారి దొరుకుతుంది. ఈ దిశగా వ్యాపారులు, నివాసులు, విద్యాసంస్థలు, అధికారులు పరస్పరం సహకరించుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.